స్మార్ట్‌ఫోను బ్రౌజర్‌లో పూర్వం చూసిన పేజీలను తిరిగి కనుగొనడం

1. విషయ పరిచయం

ప్రాజెక్టు నివేదికలు దిద్దేటప్పుడు "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగితే విద్యార్థుల నుంచి తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "ఫోనులో చూశాను సార్." ఫోనులో ఎక్కడ అంటే "గూగుల్‌లో" అంటారు. గూగుల్ పేజీలను వెతికిపెట్టే సాధనం మాత్రమే. ఆ పేజీని రాసినవారు వేరే ఉంటారు. వారెవరో తెలియకపోతే అంకెకు ఆధారం లేనట్టే.

కొన్నేళ్ల క్రితం ఒక అధ్యయన కేంద్రంలో, ఆదివారం తరగతుల సమయంలో, అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న ఒక విద్యార్థిని చిరుధాన్యాల మీద రాసిన నివేదిక చిత్తుప్రతిని చూపించారు. 100 గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని అందులో ఉంది. పక్కనే ఉన్న మరో అధ్యాపకుడు "364 కదా?" అన్నారు. నిజానికి ఇద్దరిదీ తప్పు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పాత ఆహార విలువల పట్టికలో 344 అని ఉంటుంది. అదే సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికలో సగటు విలువ 364. కాబట్టి ఇక్కడ అంకెతోపాటు అది ఏ పట్టికలోదో కూడా చెప్పి తీరాలి. ఆమె ఆ అంకెను ఏదో పేజీలో చూసి నోటు పుస్తకంలో ఎక్కించుకున్నారు. "పేజీ పేరు గుర్తులేదు సార్. చూసి రెండు నెలలు కావస్తోంది" అన్నారు. నివేదిక సమర్పించడానికి వారమే గడువు ఉంది.

ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఆ పేజీ జాడ కూడా ఆ ఫోనులోనే ఉంది. దాన్ని ఎలా పట్టుకున్నామో చెప్పే ముందు, ఆ జాడ ఏ రూపంలో ఉంటుందో తెలుసుకోవాలి.

2. హిస్టరీలో ఏముంటుంది?

మనం ఇంటర్నెట్‌లో పేజీలు చూడటానికి వాడే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ వంటి యాప్‌లను బ్రౌజర్లు అంటారు. మనం తెరిచిన ప్రతి పేజీ గురించి బ్రౌజర్ ఒక పద్దు రాసుకుంటుంది. ఈ పద్దుల జాబితాకే హిస్టరీ అని పేరు.

నేను గ్రంథాలయ శాస్త్రం బోధించినవాణ్ని. అందుచేత గ్రంథాలయం పోలికతోనే చెబుతాను. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకువెళ్లినప్పుడు రాసే ఇష్యూ రిజిస్టరు ఉంటుంది. పుస్తకం పేరు, దాని నంబరు, తీసుకున్న తేదీ అందులో ఉంటాయి. పుస్తకంలోని విషయం మాత్రం రిజిస్టరులో ఉండదు. హిస్టరీ సరిగ్గా ఇలాంటిదే. అందులో ప్రధానంగా ఉండేవి పేజీ చిరునామా, పేజీ శీర్షిక, దాన్ని తెరిచిన సమయం. క్రోమ్ ఈ వివరాలను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలులో దాచుకుంటుంది. ఒక్కో చిరునామాను ఎన్నిసార్లు తెరిచామన్న లెక్క కూడా అందులోనే ఉంటుంది. సరదాకు ఒక సంగతి: క్రోమ్ ఈ ఫైలులో సమయాన్ని 1601 జనవరి 1 నుంచి గడిచిన మైక్రోసెకన్లలో లెక్కకడుతుంది. పరీక్షకు దీనితో పనిలేదు.

పనికివచ్చే సంగతి మరొకటి. పేజీలోని విషయం హిస్టరీలో ఉండదు కాబట్టి, హిస్టరీలో వెతికినప్పుడు ఫోను సాధారణంగా శీర్షికలోను, చిరునామాలోను మాత్రమే వెతుకుతుంది. పేజీ మధ్యలో మీరు చదివిన వాక్యం, పట్టికలోని అంకె, బొమ్మ కింది వ్యాఖ్య దానికి తెలియవు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వారికి గుర్తుండేది విషయం. ఫోనుకు గుర్తుండేది శీర్షిక. మన విద్యార్థిని కూడా మొదట హిస్టరీలో "కాల్షియం" అని వెతికారు. ఏమీ రాలేదు. "పోయినట్టుంది సార్" అన్నారు. పేజీ ఎక్కడికీ పోలేదు. దాని శీర్షికలో కాల్షియం అన్న మాట లేదు, అంతే.

3. వెతికే పద్ధతి

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువమంది వాడేది క్రోమ్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. తెర పైభాగంలో కుడివైపున నిలువుగా మూడు చుక్కలు ఉంటాయి. వాటిని తాకితే తెరుచుకునే జాబితాలో హిస్టరీ అన్న మాట కనిపిస్తుంది. ఫోను భాషను తెలుగుకు మార్చుకున్నవారికి అక్కడి మాటలు వేరుగా ఉండవచ్చు. గడియారం గుర్తును బట్టి పోల్చుకోండి. దాన్ని తాకితే ఈ రోజు చూసిన పేజీలు, నిన్న చూసినవి, అంతకుముందువి తేదీల వారీగా వస్తాయి. పైన ఉన్న భూతద్దం గుర్తును తాకి మాట టైపు చేస్తే ఆ మాట ఉన్న పద్దులు మాత్రమే మిగులుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో కూడా దారి ఇంచుమించు ఇదే. ఐఫోనులోని సఫారీలో తెరిచిన పుస్తకం గుర్తును, ఆ తర్వాత గడియారం గుర్తును తాకాలి. యాప్‌లను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడల్లా గుర్తుల చోట్లు మారుతుంటాయి. అందుచేత ఏ గుర్తు ఎక్కడ ఉందో బట్టీపట్టకండి. ఏ పేరుతో వెతకాలో గుర్తుపెట్టుకోండి.

హిస్టరీలోకి వెళ్లే ముందు చూడవలసిన చోటు ఒకటుంది. క్రోమ్‌లో పైన చిన్న చదరంలో ఒక అంకె కనిపిస్తుంది. అది మీరు మూయకుండా వదిలేసిన ట్యాబ్‌ల సంఖ్య. మీరు వెతుకుతున్న పేజీ అక్కడే తెరిచి ఉండవచ్చు. ట్యాబ్‌లు 99 దాటితే క్రోమ్ అంకె చూపడం మానేసి ఒక నవ్వు గుర్తు పెడుతుంది. తరగతిలో ఫోన్లు బయటికి తీయమంటే ఆ నవ్వు గుర్తు ఉన్నవి రెండు మూడైనా ఉంటాయి. ఇప్పుడే పొరపాటున మూసిన పేజీ కావాలంటే మూడు చుక్కల జాబితాలోని రీసెంట్ ట్యాబ్స్‌లో చూడండి.

ఇక ఏ మాటతో వెతకాలి? ఇది కొంచెం నిదానంగా ఆలోచించవలసిన విషయం.

మొదటిది లిపి సమస్య. పేజీ శీర్షిక తెలుగు లిపిలో ఉంటే తెలుగు లిపిలోనే వెతకాలి. ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తే అది తగలదు. తెలుగు వికీపీడియా వ్యాసాన్ని చూసి, హిస్టరీలో దాని పేరును ఇంగ్లిషు అక్షరాల్లో వెతికి, లేదనుకునేవారు చాలామంది. తెలుగులో వెతికినా వర్ణక్రమం కలవాలి. "చిరుధాన్యాలు" అని శీర్షికలో ఉంటే "చిరు ధాన్యాలు" అని విడగొట్టి, లేదా ఒత్తు మరిచి "చిరుదాన్యాలు" అని వెతికితే ఫలితం రాకపోవచ్చు. అందుకే పూర్తి మాట కాకుండా, అనుమానం లేని భాగం వరకే టైపు చేయడం మేలు. "చిరు" అన్నది చాలు. తెలుగు పేజీలకు కూడా చిరునామా చాలాసార్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటుంది కనుక, శీర్షిక తగలకపోతే వెబ్‌సైటు పేరులోని రెండు మూడు ఇంగ్లిషు అక్షరాలతో ప్రయత్నించవచ్చు.

రెండవది, మీరు గూగుల్‌లో వెతికిన మాటలు. గూగుల్ ఫలితాల పేజీ కూడా ఒక పేజీయే. మీరు టైపు చేసిన ప్రశ్నే దాని శీర్షికగా హిస్టరీలో చేరుతుంది. అసలు పేజీ శీర్షిక గుర్తులేకపోయినా, ఆనాడు ఏమని అడిగారో గుర్తుంటే ఆ ఫలితాల పేజీని తెరవవచ్చు. అందులో మీరు లోగడ తాకిన లింకులు తరచుగా రంగు మారి కనిపిస్తాయి.

మూడవది పొరుగు పద్ధతి. ఇది నా అనుభవంలో అన్నిటికన్నా నమ్మకమైనది. గ్రంథాలయంలో ఒక పుస్తకం దాని చోట లేకపోతే ఇరుపక్కల అరల్లో చూస్తాం. హిస్టరీ కాలక్రమంలో ఉంటుంది కనుక ఇక్కడ పొరుగు అంటే ఆ పేజీకి ముందు, తర్వాత చూసినవి. ఆ విద్యార్థినిని "ఆ రోజు ఫోనులో ఇంకేం చూశారమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా చెల్లెలి కూతురి ఇంటర్ ఫలితాలు చూసింది ఆ రోజే సార్" అన్నారు. ఫలితాల పేజీ శీర్షికలో ఉండే ఇంగ్లిషు మాటతో వెతికాం. వెంటనే తగిలింది, తేదీ తెలిసింది. తర్వాత వెతుకులాట పెట్టెను మూసి, మామూలు జాబితాలో ఆ తేదీ దాకా వెళ్లాం. వెతుకులాట పెట్టెను మూయడం మరవకండి. లేకపోతే పొరుగు పద్దులు కనిపించవు. ఫలితాల పేజీకి నాలుగైదు పద్దుల అవతల ఆరోగ్య సలహాలు ఇచ్చే ఒక తెలుగు పేజీ ఉంది. తెరిచి చూస్తే 344 అన్న అంకె అందులో ఉంది. అయితే అది ఎక్కడి నుంచి తీసుకున్నదో ఆ పేజీ చెప్పలేదు. అంటే ఆ పేజీని ఆధారంగా చూపడానికి వీల్లేదు. ఆమె జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక చూసి నివేదికలో 364గా సరిదిద్దారు. పాత పట్టికలో 344 ఉందన్న వివరాన్ని పాదసూచికగా చేర్చారు. ఆ పాదసూచిక వల్ల నివేదిక విలువ పెరిగింది.

4. హిస్టరీలో దొరకనివి

క్రోమ్ హిస్టరీ జాబితా మామూలుగా గడచిన 90 రోజుల పేజీలను చూపుతుంది. గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోకి సైన్ ఇన్ అయి, హిస్టరీ సింక్‌ను ఆన్ చేసుకున్నవారికి అంతకన్నా పాతవి కూడా, వారి ఇతర ఫోన్లలో, కంప్యూటర్లలో చూసినవి కూడా అందులో రావచ్చు. సింక్ లేకుండా ఫోను మార్చితే పాత హిస్టరీ పాత ఫోనులోనే ఉండిపోతుంది.

ఫోను నెమ్మదించిందని సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్రోమ్ డేటాను తుడిచేసేవారు ఉన్నారు. అక్కడ రెండు వేరువేరు ఎంపికలు ఉంటాయి. క్యాష్‌ను తుడిస్తే హిస్టరీకి ఏమీ కాదు. స్టోరేజీని లేదా డేటాను తుడిస్తే మాత్రం ఆ ఫోనులో దాచిన హిస్టరీ అంతా పోతుంది. మొబైలు దుకాణంలో ఫోను ఇచ్చి "బాగు చేయండి" అన్నప్పుడు జరిగేది చాలాసార్లు ఈ రెండవదే.

ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో చూసిన పేజీలు హిస్టరీలో చేరవు. ఇంకొక ముఖ్యమైన మినహాయింపు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి యాప్‌ల లోపల తాకిన లింకులు. ఆ యాప్‌లకు సొంత బ్రౌజర్ ఉంటుంది. పేజీ అందులోనే తెరుచుకుంటుంది కనుక క్రోమ్‌కు ఆ సంగతి తెలియదు. ఫేస్‌బుక్‌లో చూసిన వ్యాసం కోసం క్రోమ్‌లో గంటసేపు వెతికి విసిగిపోయిన వారిలో నేనూ ఒకణ్ని. ఇప్పుడైతే అటువంటి లింకు తెరిచిన వెంటనే, పైన లేదా కింద ఉన్న చుక్కలను తాకి, బయటి బ్రౌజర్‌లో తెరిచే ఎంపికను వాడుతున్నాను. అప్పుడది క్రోమ్ పద్దులోకి వస్తుంది.

5. పద్దు దొరికినా పేజీ తెరుచుకోనప్పుడు

హిస్టరీలోని పద్దును తాకినప్పుడు ఫోను పాత పేజీని బయటికి తీయదు. ఆ చిరునామాకు మళ్లీ కొత్తగా వెళుతుంది. కనుక ఈ రోజు అక్కడ ఏముంటే అదే చూపుతుంది. పేజీని మార్చి ఉంటే మారిన పేజీ వస్తుంది. తీసేసి ఉంటే 404 అన్న అంకెతో, పేజీ లేదన్న సందేశం వస్తుంది. నోటిఫికేషన్లు, టైంటేబుళ్ల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది.

పేజీ తీసేసినప్పుడు కూడా ఆ పద్దు వృథా కాదు. అందులోని చిరునామా మీకు పనికివస్తుంది. అమెరికాలో 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వెబ్ పేజీల ప్రతులను సేకరించి భద్రపరుస్తోంది. వాటిని అందరూ చూడటానికి 2001లో వేబ్యాక్ మెషీన్ అనే సేవను అందుబాటులోకి తెచ్చింది. క్రోమ్ హిస్టరీలోని పద్దును కాసేపు నొక్కిపట్టి లింకును కాపీ చేసుకుని, వేబ్యాక్ మెషీన్‌లో అతికిస్తే, ఆ పేజీ ప్రతులు ఏయే తేదీల్లో తీసి ఉన్నాయో క్యాలెండరులో చూపుతుంది. అన్ని పేజీలూ అక్కడ ఉండవు. తెలుగు పేజీలలో దొరకనివి చాలానే ఉంటాయి. అయినా ప్రయత్నించడానికి ఒక నిమిషం చాలు.

రుసుము చెల్లింపు పేజీల సంగతి వేరు. దీని గురించి హెచ్చరించడం అవసరం. పరీక్ష ఫీజు కట్టాక రసీదు తెర మీద కనిపించింది. అంతలో ఫోను వచ్చింది, పేజీ మూసుకుపోయింది. "హిస్టరీలో ఉంటుందిలే" అని మీరు ధీమాగా ఉంటారు. పద్దు ఉంటుంది, కాని తాకితే గడువు ముగిసిందన్న సందేశమో, మళ్లీ లాగిన్ అడిగే పేజీయో వస్తుంది. ఆ రసీదు మీరు లాగిన్ అయి ఉన్న ఆ కొద్దిసేపటి కోసం తయారైన పేజీ. ఒక విద్యార్థి ఇలాగే రసీదు కోసం పాత పద్దులను ఒక్కొక్కటిగా తాకుతూ పోయి, చివరికి ఫీజు రెండోసారి కట్టేశాడు. ఆ డబ్బు తిరిగి రావడానికి నెలలు పట్టింది. కాబట్టి చెల్లింపు దారిలోని పేజీలను హిస్టరీ నుంచి తెరవకండి. బ్యాంకు నుంచి వచ్చిన ఎస్ఎంఎస్‌లో లావాదేవీ నంబరు ఉంటుంది. వెబ్‌సైటు మొదటి పేజీ నుంచి కొత్తగా లాగిన్ అయి, చెల్లింపు స్థితి చూపే చోట ఆ నంబరుతో సరిచూసుకోండి. అన్నిటికన్నా ముందు, రసీదు కనిపించగానే స్క్రీన్‌షాట్ తీయండి.

6. ఒకే ఫోను నలుగురు వాడుతున్నప్పుడు

మన విద్యార్థులలో చాలామందికి ఫోను సొంతం కాదు. భర్తదో, కొడుకుదో, అన్నదమ్ములదో అయి ఉంటుంది. అలాంటి ఫోనులో హిస్టరీ అంటే ఇంట్లో అందరూ తిప్పిచూడగల రిజిస్టరు. మీరు ఏ జబ్బు గురించి చదివారో, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారో, ఏ చట్టం గురించి, ఏ సహాయ కేంద్రం గురించి వెతికారో అందులో ఉంటుంది. కొందరికి ఇది చిన్న ఇబ్బంది. కొందరు స్త్రీలకు ప్రమాదం కూడా.

ఒక్క పద్దునే తీసేయాలంటే హిస్టరీలో దాని పక్కన ఉండే తొలగింపు గుర్తును తాకవచ్చు. బ్రౌజింగ్ డేటాను తొలగించే చోట గత 15 నిమిషాలు, ఒక గంట, ఒక రోజు అంటూ కాలపరిమితిని ఎంచుకోవచ్చు. మొత్తం తుడిచేస్తే అనుమానం రావచ్చు. మీ చదువుకు కావలసిన పద్దులూ పోతాయి. అందుకే ఎంచి తీయడం మంచిది. ముందే జాగ్రత్తపడాలంటే ఇన్‌కాగ్నిటో ట్యాబ్ వాడండి. అది ఫోనులో పద్దు రాయదు. అంతే తప్ప మిమ్మల్ని పూర్తిగా దాచదు. మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు, ఆఫీసు వైఫై అయితే ఆఫీసువారికి, మీరు వెళ్లిన వెబ్‌సైటుకు తెలిసే అవకాశం అలాగే ఉంటుంది.

గూగుల్ ఖాతాలో విడిగా మరో పద్దు కూడా ఉంటుందని గమనించండి. మై యాక్టివిటీ అన్న పేజీలో మీరు వెతికిన మాటలు కనిపిస్తాయి. క్రోమ్ హిస్టరీలో తొలగించినంత మాత్రాన ఇది పోతుందనుకోకూడదు. అక్కడ 3, 18 లేదా 36 నెలలకు దానంతటదే తొలగిపోయేలా పెట్టుకోవచ్చు. ఫోనులో ఉన్నది మీ ఖాతా కాకుండా ఇంట్లో మరొకరి ఖాతా అయితే, మీరు వెతికినవి వారి పద్దులో చేరతాయి.

7. పద్దుతోపాటు కారణం రాసుకోవడం

1945లో, వెబ్ పుట్టడానికి నాలుగు దశాబ్దాలకు పైగా ముందు, వానెవర్ బుష్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక వ్యాసంలో మెమెక్స్ అనే ఊహా యంత్రాన్ని వర్ణించాడు. చదివిన పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేస్తూ, మధ్యలో సొంత వ్యాఖ్యలు చేరుస్తూ, పాఠకుడు తన దారిని భద్రపరచుకుంటాడని, అవసరమైతే ఆ దారిని స్నేహితుడికి ఇవ్వగలడని ఆయన ఊహ. మన బ్రౌజర్ దారినైతే భద్రపరుస్తోంది. ఆ పేజీలో మీకు ఏది పనికివచ్చిందో, ఎందుకు ఆగి చదివారో దానికి తెలియదు.

ఆ భాగం మీరే రాసుకోవాలి. నివేదికకు పనికివచ్చే పేజీ కనిపించగానే నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: శీర్షిక, వెబ్‌సైటు పేరు, చూసిన తేదీ, అందులో మీకు కావలసిన విషయం. పొడవైన చిరునామా చేత్తో రాయనక్కరలేదు. మూడు చుక్కల జాబితాలోని నక్షత్రం గుర్తును తాకితే పేజీ బుక్‌మార్కులలో చేరుతుంది. దాని పక్కన ఉండే కిందికి చూపే బాణాన్ని తాకితే పేజీ ప్రతి ఫోనులోకి దిగుతుంది. నెట్ లేనప్పుడు కూడా చదవవచ్చు, అసలు పేజీ మారిపోయినా మీ ప్రతి మారదు. వాట్సాప్‌లో తమకు తామే లింకు పంపుకునే అలవాటు కొందరికి ఉంది. అదీ మంచిదే, లింకు కింద ఒక్క వాక్యం కూడా రాస్తే.

అభ్యాసం

గత నెలలో మీరు ఫోనులో చదివిన ఒక తెలుగు వ్యాసాన్ని గుర్తుచేసుకోండి. అందులోని విషయాన్ని బట్టి ఒకసారి, శీర్షికలో ఉండవచ్చునని మీరనుకునే మాటతో ఒకసారి, పొరుగు పద్ధతిలో ఒకసారి వెతకండి. ఏ పద్ధతిలో దొరికిందో, దొరకకపోతే 4వ భాగంలో చెప్పిన కారణాలలో ఏది వర్తిస్తుందో పది వాక్యాలలో రాసి, వచ్చే ఆదివారం తరగతికి తీసుకురండి.